దరఖాస్తు పెట్టువా రేరి?

వైద్యవిద్యా ప్రవేశపరీక్షా ఫలితములు వెలువడిన మరునాడు బెజవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారిపై కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటలు దాటి పోవు బాటసారికి ఏటేటను ఒకే దృశ్యము కనబడును. కూడలి కూడలియందును నిలువెత్తు ఫ్లెక్సీలు. వానిపై నవ్వుమొగముల బాలబాలికలు. వారి పేర్ల క్రింద ర్యాంకులు, మార్కులు. పత్తియు మిరపయు పండించు ఈ మెట్టనేలలో ఒక బిడ్డ వైద్యకళాశాల మెట్టెక్కుటకు తండ్రి ఎన్ని అప్పుపత్రములపై చేవ్రాలు చేసియుండునో ఆ పత్రములు వ్రాయు మావంటి వకీళ్లకు దెలియును. ఆ విజయమును జూచి సంతసింపని హృదయము హృదయము గాదు.

అయిన నొక్క మాట. ఆ బిడ్డను ఊరివారందరు నడుగు ప్రశ్నలు మూడే. ఏ కళాశాలలో సీటు వచ్చినది? పి.జి. ఏ శాఖలో జేసెదవు? ఆసుపత్రి ఎక్కడ పెట్టెదవు? “మందులేని ఏ వ్యాధికి మందు వెదకెదవు? ఏ రోగము మర్మమును విప్పెదవు?” అని యడుగువా డొక్కడును గానరాడు. అడుగువాడు లేనందున ఆ బిడ్డ మనస్సున నా తలంపు పుట్టుటయే లేదు. చికిత్స చేయు వైద్యులు మనకు వేలకొలది గలరు, ఇంకను గావలయును. రోగి మంచమునొద్దను, పరిశోధనాలయపు బల్లయొద్దను సమానశ్రద్ధతో నిలువగల వైద్యశాస్త్రజ్ఞులు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినవారే. ఆ మార్గమున ప్రవేశించుటకు ద్వారములు లేకపోలేదు. కాని ద్వారము తట్టువా రేరి? దరఖాస్తు పెట్టువా రేరి?

ఈ ప్రశ్న నేడే యడుగుటకు ప్రత్యేక కారణము గలదు. వైద్యశాస్త్ర మొక క్రొత్త యుగమున నడుగిడుచున్నది. బల్లి తెగిన తోకను మరల మొలిపించుకొనును. మనుష్యున కట్టి శక్తి సంపూర్ణముగా లేదు గాని బొత్తిగా లేదనుటయు సరిగాదు. చర్మము గాయమును పూడ్చుకొనును. కాలేయమున గొంత భాగమును కోసివేసినను మిగిలినది పెరిగి ఆ కొరత దీర్చును. ఎముకలలోని మూలుగ దినదినమును కోట్లకొలది రక్తకణములను బుట్టించుచుండును. ఈ నిత్యసృష్టికి బీజములైన కణములను మూలకణము లందురు. చెడిన అవయవమును మందుతో నిలుపుకొని వచ్చుట పాత వైద్యము. మూలకణముల సాయమున దానిని మరల నిర్మించుట ఈ క్రొత్త వైద్యము. పునర్నిర్మాణ వైద్య మనుట దీనికి దగు పేరు. 2006లో జపానుదేశీయుడగు షిన్యా యమనాకా ఎలుక చర్మకణములను పిండకణములతో సమానమగు మూలకణములుగా మార్చి లోకమును ఆశ్చర్యపరచెను. మరుసటి యేడు మనుష్యుని చర్మకణములతోను అట్లే చేసెను. 2012లో నోబెల్ బహుమానమున భాగస్వామి యయ్యెను. ఆయన మొదట ఎముకల వైద్యుడు. శస్త్రచికిత్సలో తనకు నేర్పు చాలదని గ్రహించి పరిశోధనవైపు మరలి, డాక్టరేటు సంపాదించి, అమెరికాలోని అనేక సంస్థలకు దరఖాస్తులు వ్రాయగా 1993లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యొక సంస్థ చేర్చుకొనెను. ఆ దరఖాస్తులే వ్రాయకున్నచో ఈ చరిత్ర ఎటు దిరిగెడిదో!

పరదేశపు మాట యేల? మన యింటి కథ యొకటి గలదు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని యాంధ్రు డుండరాదు. కాని వినని యాంధ్రులే మెండు. ఆయన మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి మూడవమారు గట్టెక్కెను. సోదరు లిరువురు గ్రహణివంటి స్ప్రూ యను వ్యాధిచే కొద్ది దినముల వ్యవధిలో గతించిరి. మద్రాసు వైద్యకళాశాలలో జదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని, ఖద్దరు ధరించెను. ఆ ఖద్దరు శస్త్రచికిత్స నేర్పు ఆంగ్లేయ ఆచార్యునకు గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే ఆయన చేత బడెను. ఖద్దరునకు ఇంతటి మూల్యము చెల్లించిన యా యువకుడు నిరాశ చెందక, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధకుడుగా నుండి, అమెరికాలోని హార్వర్డు ఉష్ణదేశ వైద్యపాఠశాలలో ప్రవేశమునకై ప్రయత్నించెను.

ప్రవేశము దొరకెను గాని దారిబత్తెము లేదు. అప్పుడాదుకొన్న వారెవరు? కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము వాగ్దానము చేసెను. మామగారు కొంత సొమ్ము కూడబెట్టి యిచ్చిరి. 1923 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను రేవున దిగిరి. పగలు చదువు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కొలువు. ఆ చేతులే 1925లో రక్తమందును మూత్రమందును భాస్వరము పాలు లెక్కగట్టు పద్ధతిని ఫిస్కె పండితునితో గలసి లోకమున కిచ్చెను. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ప్రాణికోటి శక్తికి నాణెమువంటి ఏ.టి.పి.ని వెల్లడించెను. 1930లో డాక్టరేటు వచ్చెను. హార్వర్డులో స్థిరోద్యోగము మాత్రము రాలేదు. 1940లో లెడర్లీ సంస్థలో జేరి, అచ్చటి తన బృందముచే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా దయారు చేయించెను. తన సోదరులను బలిగొన్న వ్యాధికి ఔషధ మదియే. బోదకాలు క్రిములను సంహరించు హెట్రజాను, ఆరియోమైసిను, రక్తపు క్యాన్సరుతో నున్న పసివారికి తొలిసారి ఊరట నిచ్చిన అమినోప్టెరిను, దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు, ఇవన్నియు ఆ బృందమునుండియే వెలువడినవి. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, ఆయన నిద్రలోనే కన్నుమూసెను.

ఈ కథకును మూలకణముల కథకును సంబంధమేమి యని చదువరి యడుగవచ్చును. పునర్నిర్మాణ వైద్యమున మొట్టమొదట స్థిరపడిన చికిత్స మూలుగ మార్పిడి. ఒకరి మూలుగలోని రక్తమూలకణములను వేరొకరి దేహమున నాటినప్పుడు ఆ క్రొత్త కణములు ఆతిథ్య మిచ్చిన దేహముపైననే తిరుగబడును. ఆ తిరుగుబాటు నణచుటకు వైద్యులు వాడు మందులలో మెథోట్రెక్సేటు ముఖ్యమైనది. మూలుగ మార్పిడికి దారిచూపిన డోనాల్ థామస్ గారికి 1990లో నోబెల్ బహుమాన మిచ్చిరి. దానికి దోడునిలిచిన మందు భీమవరపు బిడ్డ పరిశోధనాలయమునుండి వచ్చినదని మన పాఠశాలలలో నెందరు చెప్పుచున్నారు? మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పినవాడని యా దినమున మార్కులు మాత్రమే చూచి ద్వారము మూసియుండిన, లోకమునకు కలిగెడి నష్టమును ఎవరు లెక్కింపగలరు?

ఇక నేటి మాట, మన నేల మాట. ఏలూరు చెంతనున్న సోమవరప్పాడు గ్రామమున బుట్టి చలనచిత్రరంగమున ఖ్యాతిగాంచిన ఎల్.వి. ప్రసాదు గారి కుటుంబము కోటి రూపాయల నగదును, హైదరాబాదులో నైదెకరముల నేలను దానమీయగా, అమెరికానుండి మరలివచ్చిన డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నేత్రవైద్యసంస్థను స్థాపించిరి. తాంబూలపు సున్నము పొట్లము పగిలి కంటబడి చూపు కోల్పోవు పసివాండ్రును, కర్మాగారములలో ఆమ్లము చింది కన్నులు గాలిన కూలీలును మన దేశమున దక్కువగా లేరు. కంటి తెల్లగ్రుడ్డును నల్లగ్రుడ్డును గలియు నంచున మూలకణము లుండును. అవి కాలిపోయిన కంటిపై మబ్బువంటి పొర గప్పుకొనును. ఇతరుల కన్ను దెచ్చి నాటినను అది నిలువదు. మూలమే లేని చోట పైపొర యెట్లు నిలుచును?

2001 నుండి ఆ సంస్థలో శస్త్రవైద్యుడగు వీరేంద్ర సంగ్వాన్, రోగలక్షణశాస్త్రవేత్త గీతా వేముగంటి మొదలగువారు గలసి, రోగి బాగుగా నున్న రెండవ కంటినుండి యవగింజంతటి ముక్కను దీసి, ప్రసవానంతరము తల్లులు దానము చేసిన మాయపొరపై నా కణములను బెంచి, చెడిన కంటిపై నాటిరి. 200 మంది రోగులపై పదియేండ్ల అనుభవమును 2011లో ప్రకటించిరి. నూటికి 71 మందికి మేలు గలిగెను. అంతటితో నాగలేదు. కణములను బెంచు పరిశోధనాలయము ప్రతి పట్టణమున నుండదు. దానికి వ్యయము మిక్కుటము. కావున నా చిన్న ముక్కనే మరల తునుకలు జేసి తిన్నగా కంటిమీదనే యతికించి, కంటినే పరిశోధనాలయముగా జేయు సులభపద్ధతిని 2012లో ప్రకటించిరి. సయన్ బసు మొదలగువారు 2016లో ప్రకటించిన 125 మంది రోగుల లెక్కలలో నూటికి 76 మందికి ఫలితము గనబడెను. ఖరీదైన విదేశయంత్రమును దెచ్చుకొనక, పేదవాని కంటిని దృష్టియందుంచుకొని చేసిన యీ శోధనను స్వదేశీ యనకుండ నేమందుము? రోగిని చూడని శాస్త్రజ్ఞునకు ఈ యావశ్యకత తోచెడిది గాదు. శాస్త్ర మెరుగని శస్త్రవైద్యునకు ఈ యుపాయము తోచెడిది గాదు. రెండును దెలిసినవారు చేయి చేయి కలిపిరి గనుకనే కార్యము నెరవేరినది.

మన చిత్తూరు సీమవారు తరతరములుగా వైద్యమునకై పోవు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలోను ఇదియే కథ. హీమోఫిలియా యను రక్తస్రావ వ్యాధితో బుట్టిన యైదుగురు రోగుల రక్తమూలకణములలో లోపించిన జన్యువును జొనిపి మరల వారికే యెక్కించిరి. 2024 డిసెంబరులో ఆ ఫలితములు ప్రకటింపబడినప్పుడు, చికిత్స పిదప వారిలో నెవరికిని రక్తస్రావపు బాధ తిరుగ గలుగలేదని తేలెను. ఐదుగురు మాత్రమే కదా యనవచ్చును. ఐదుగురితో ప్రారంభము గాని చికిత్స లోకమున నేదియును లేదు.

ఇచ్చట పెద్దలు మూడాక్షేపణలు చెప్పుదురు. వాని నుపేక్షింపరాదు.

మొదటిది: “పల్లెలలో జ్వరమునకు మందిచ్చు వైద్యుడే కరవైనప్పుడు పరిశోధన మనకేల?” అని. వినుట కిది ధర్మముగనే యున్నది. కాని బోదకాలుతో బాధపడిన గోదావరి తీరపు పేదలకు సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండి వచ్చిన మాత్రయే ఇంటింట పంచబడినది గదా! మన మెట్టసీమలోనే ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి సంసారములను గూల్చుచున్నది. శ్రీకాకుళపు ఉద్దానమునను అదియే దుఃఖము. డయాలిసిస్ కేంద్రములు పెట్టుట యావశ్యకము. కాని కారణము నిస్సందేహముగా దేలనిదే, చెడిన మూత్రపిండమును బాగుచేయు నుపాయము దొరకనిదే, ఆ కేంద్రములు పెరుగుచునే యుండును, రోగులును పెరుగుచునే యుందురు. ఈ వ్యాధికి బోస్టనులో నెవ్వడో రాత్రులు మేలుకొని మందు కనుగొనునని యెదురుచూచుట న్యాయమా?

రెండవది: “ఇంటిల్లిపాదియు అప్పులలో మునిగి చదివించిన బిడ్డ మరి యైదారేండ్లు స్వల్పవేతనముతో పరిశోధన చేసిన సంసార మెట్లు జరుగును?” ఇది నిజమైన యాక్షేపణ. ఎం.బి.బి.ఎస్.కు ఐదున్నర యేండ్లు, ఎం.డి.కి మూడేండ్లు, ఆపై డాక్టరేటు. అంతకు ముప్పది దాటును. ఈ త్యాగమును పేదతండ్రి నెత్తిన మాత్రమే పెట్టుట సమాజమునకు దగదు. ఈ విషయము క్రింద మరల చెప్పెదను.

మూడవది: “అమెరికాకు బోయిన సరిపోదా?” అని. అమెరికా ప్రభుత్వము 1964 నుండి వైద్యశాస్త్రజ్ఞులను దయారుచేయు ప్రత్యేక విద్యాపథకమును నడుపుచున్నది, ఎం.డి.యు పిహెచ్.డి.యు గలిపి, రుసుము లేకుండ, భృతి యిచ్చి, సుమారెనిమిదేండ్లు చదివించును. కాని ఆ ప్రభుత్వధనము ఆ దేశపు పౌరులకును శాశ్వతనివాసులకును మాత్రమే. విదేశీయులకు తమ సొంత నిధులనుండి యిచ్చు విశ్వవిద్యాలయములు కొద్ది. వారిది వారి దేశాభిమానము. తప్పుబట్ట నవసరము లేదు. మనది మనకు లేకపోవుటయే తప్పు. పోవువారు పోవుదురుగాక, నేర్చుకొని వత్తురుగాక. కాని మన యింటి ద్వారములు మూసియున్నవని యెవ్వరును చెప్పరాదు.

అవి మూసిలేవు. భారత వైద్యపరిశోధన మండలి యువవైద్యులను పరిశోధకులుగా దిద్దుటకు పథకములు నడుపుచున్నది. కేంద్ర జీవసాంకేతిక శాఖయు ఇంగ్లాండులోని వెల్‌కమ్ ధర్మనిధియు గలసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్సు హైదరాబాదుననే యున్నది. వైద్యులకని ప్రత్యేకమగు ఫెలోషిప్పుల నిచ్చుచున్నది. దాని కార్యక్రమముల మూడవ దశకు 2025లో కేంద్రమంత్రివర్గము 1500 కోట్ల రూపాయల ప్రణాళికను ఆమోదించెను. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వేలూరులోని మూలకణ పరిశోధనాకేంద్రము, తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థ, ఇవన్నియు మనకు రాత్రి రైలెక్కిన మరునాటికి చేరదగిన దూరమున నున్నవి.

న్యాయస్థానమున మాకొక సామెతవంటి మాట గలదు: దావా వేయనివానికి డిక్రీ రాదు. కావున యువవైద్యులకు దరఖాస్తు సంగతి నాలుగు మాటలు. దరఖాస్తు యన్నది మార్కుల పట్టిక గాదు. అది యొక ప్రమాణపత్రము. నీవు ఏ ప్రశ్నకు సమాధానము వెదకదలచితివో, ఆ ప్రశ్న నిన్నేల వెన్నాడుచున్నదో, దానికొరకు ఇంతవరకేమి చేసితివో అందు సత్యముగా జెప్పవలెను. “మానవసేవ చేయగోరుచున్నాను” అని వ్రాయువారు వేలమంది. “మా వార్డులో కాలిన కన్నుతో వచ్చిన బాలునకు మేమేమియు చేయలేక పంపివేసితిమి, ఆ యసహాయత యెందులకో తెలిసికొన గోరుచున్నాను” అని వ్రాయువా డొక్కడు. పరీక్షకుని కన్ను నిలుచునది ఆ యొక్కని కాగితముపైననే. విద్యార్థిదశలోనే ఒక ఆచార్యుని యొద్ద చిన్న పరిశోధనయైనను చేసి, అది విఫలమైనను ఎందుకు విఫలమైనదో చెప్పగలిగి యుండవలెను. పేరుగొప్ప పెద్దల పొగడ్తలేఖకన్న, నీ పని దగ్గరనుండి చూచిన చిన్న యుపాధ్యాయుని లేఖ విలువగలది. సొమ్ము పుచ్చుకొని ఇతరుల జీవితోద్దేశములను తామే వ్రాసిపెట్టు దళారులు పట్టణములలో వెలసినారు. అరువు మాటలతో సత్యాన్వేషణమున కడుగిడువాడు మొదటి మెట్టుననే యబద్ధమాడినవాడు. ఒకమారు కాదన్న మరల వ్రాయుడు. సిగ్గు దరఖాస్తు తిరిగివచ్చుటలో లేదు, పెట్టకుండుటలో నున్నది.

ఇంకొక హెచ్చరిక చేయకుండుట న్యాయవాదినగు నాకు దగదు. మూలకణములను పేరుపెట్టుకొని, మోకాలి నొప్పికిని, వెన్నెముక దెబ్బకును, పసివారి మందబుద్ధికిని లక్షలు వసూలుచేయు దుకాణములు దేశమున మొలచినవి. రక్తవ్యాధులకు జరుగు మూలుగ మార్పిడివంటి స్థిరపడిన చికిత్సలు దప్ప, తక్కినవానిని అనుమతి పొందిన శాస్త్రీయ పరీక్షలలో తప్ప చేయరాదని 2017 జాతీయ మార్గదర్శకములు ఘోషించుచున్నవి. ఆశ నమ్ముకొని భూమి యమ్ముకొను తల్లిదండ్రులు ఆ కాగితమును చదువలేరు. చదివి చెప్పువాడు కావలెను. అసలు శాస్త్రజ్ఞులు కొరవడిన చోటనే నకిలీ శాస్త్రజ్ఞులు వర్ధిల్లుదురు.

ఇక మన కర్తవ్యము. ప్రభుత్వము చేయవలసినవి మూడు. పరిశోధనావర్షములను సర్వీసుగా పరిగణింపవలెను. పల్లెసేవ బాండు వ్రాసినవానికి పరిశోధనకు బోవు గడువు నీయవలెను. బోధనాసుపత్రులలో పరిశోధకవైద్యునకు వారమున రెండు దినములైనను రోగుల తాకిడినుండి విముక్తి గలిగింపవలెను. ఉద్యోగ మొకచోట, పరిశోధన గాలిలో నున్నచో ఏ పథకమును ఫలింపదు.

ధర్మసంస్థల కర్తవ్య మంతకన్న పెద్దది. కాకినాడ ధర్మసంస్థ వాగ్దాన మొకటి సుబ్బారావుగారిని సముద్రము దాటించినది. సోమవరప్పాటి కుటుంబపు దానము వేలమందికి చూపు నిచ్చినది. మన కృష్ణామండలమున కల్యాణమండపములు కట్టించువారు గలరు. గాలిగోపురములు నిలుపువారు గలరు. సముద్రముల కావల సంపాదించి జన్మభూమిని దలచుకొనువారును గలరు. వారిలో పదిమంది కలసి యేటేట నొక్క యువవైద్యుని, ఒక్క యువవైద్యురాలిని, పరిశోధనాకాలమంతయు సంసారచింత లేకుండ పోషింపగలిగిన, పదియేండ్లలో ఇరువదిమంది వైద్యశాస్త్రజ్ఞులు మన మెట్టసీమనుండి బయలుదేరుదురు. ఇది స్వప్నము గాదు, కూడిక లెక్క.

మనవంతు మిక్కిలి చిన్నది. గ్రంథాలయములలో వార్తాపత్రికల ప్రక్కన నొక పలక వ్రేలాడదీసి, ఏ సంస్థవారు ఏ నెలలో దరఖాస్తులు పిలుచుచున్నారో వ్రాసియుంచుదము. వాలంటీర్లమై యీ పని చేయుటకు సర్కారు ఉత్తరువు అక్కరలేదు. సెలవులకు వచ్చిన వైద్యవిద్యార్థిని సీటు సంగతి యడుగుట మాని, “అమ్మాయీ, నీ ప్రశ్న యేది?” అని యడుగుదము. ఫ్లెక్సీపై ర్యాంకు క్రింద ఒక్క పంక్తి స్థలమున్నది. ఆ బిడ్డ వెదకబోవు జవాబు పేరు అందు వ్రాయబడు దినము వచ్చునుగాక!

రాజకీయ స్వరాజ్యమునకై మన తాతలు జైళ్లకు బోయిరి. రోగమునుండి స్వరాజ్యము సంపాదించుటకు జైలుకు బోవ నక్కరలేదు. ఒక కాగితము, ఒక కలము, ఒక సత్యమైన ప్రశ్న చాలును. దావా వేయుడు, డిక్రీ కాలము వ్రాయును.